ఈ ఓర్పుకు వెల చెల్లించినదెవరు?

(ధ్యానమునకు: మత్తయి 7:12, అపొస్తలుల కార్యములు 6:1–7, గలతీయులకు 2:11–14, యాకోబు 2:1–9)



సంఘపెద్దల కూటములలో తరచుగా వినవచ్చు మాట ఒకటి కలదు. "అయ్యగారూ, మీరన్నది న్యాయమే. కాని ఇప్పుడే వద్దండి. అందరూ ఒప్పుకోనివ్వండి. సంఘంలో సమాధానం చెడిపోకూడదు గదా!" ఈ మాట చెప్పువారు చెడ్డవారు కారు. పెక్కుసార్లు వారే సంఘమునకు స్తంభములు. వాన కురిసినను ఎండ కాసినను గంట మ్రోగువేళకు గుడిలో ఉండువారు వారే. మేమును ఆ మాట చెప్పినవారమే. ఎవరితో చెప్పితిమో ఈ వ్యాసములోనే ఒప్పుకొందుము.

సమాధానము దేవుని వరము. తొందరపడి సంఘమును చీల్చువాడు ప్రభువు శరీరమునే గాయపరచుచున్నాడు. అయినను మన నష్టమును మనము ఓర్చుకొనుట ఒకటి. పొరుగువాని నష్టమును మనము ఓర్చుకొనుట వేరొకటి. మొదటిది సద్గుణము. రెండవదానికి ఓర్పు అను పేరు చెల్లునా? అందరు ఒప్పుకొనువరకు వేచియుండుట ఎప్పుడు ప్రేమ యగును, ఎప్పుడు పాపమగును? ఇదియే ఈ నెల మీ యెదుట ఉంచుచున్న ప్రశ్న.

ఈ ప్రశ్నతో ఎనుబది యెనిమిది ఏండ్లు పెనుగులాడిన ఒక క్రైస్తవ సమాజము కలదు. వారు క్వేకరులు. మన పల్లెలలో వారి పేరు విన్నవారు తక్కువ గనుక, ముందుగా వారెవరో చెప్పెదము.

క్వేకరులు ఎవరు?

1624వ సంవత్సరమున ఇంగ్లండు దేశములో లెస్టర్ షైరు అను సీమయందు జార్జి ఫాక్సు జన్మించెను. తండ్రి నేతగాడు. ఫాక్సు చిన్నతనమున చెప్పులు కుట్టు ఒకనియొద్ద పని నేర్చుకొనెను. నేత, చెప్పులపని – ఈ రెండు వృత్తులకు మన ఊళ్లలో ఏపాటి గౌరవము దక్కెనో మీరెరుగుదురు. దేవుడు అట్టి ఇంటినుండియే తన సేవకుని లేపెను.

ఫాక్సు పందొమ్మిది ఏండ్ల ప్రాయమున ఇల్లు విడిచి, మనశ్శాంతికై బోధకుని తరువాత బోధకుని అడుగుచు తిరిగెను. ఎవరును అతని ఆకలి తీర్చలేకపోయిరి. 1647లో, మనుష్యులపై పెట్టుకొన్న ఆశలన్నియు ఉడిగినప్పుడు, క్రీస్తు ఒక్కడే తన స్థితిని ఎరిగి మాటలాడగలడని అతనికి తెలిసెను. ఆనాటినుండి అతని బోధ ఒక్కటే: క్రీస్తు తానే తన ప్రజలకు బోధించుటకు వచ్చియున్నాడు, ప్రతి మనుష్యునిలోను ఆయన వెలుగు ప్రకాశించుచున్నది (యోహాను 1:9). 1652లో ఉత్తర ఇంగ్లండులో వందలకొలది జనులు ఈ బోధను అంగీకరించిరి. స్వార్త్ మూరు అను చోట నివసించు మార్గరెట్ ఫెల్ అను గృహిణి వారికి తన ఇంటిని తెరచెను. స్త్రీలు కూడ కూటములలో ప్రవచింపవచ్చునని ఆమె 1666లో ఒక చిన్న గ్రంథము వ్రాసెను.

వారు తమ్మును "స్నేహితులు" అని పిలుచుకొనిరి. ప్రభువు తన శిష్యులను ఆ పేరుతోనే పిలిచెను గదా (యోహాను 15:15). క్వేకరు అనగా వణకువాడని యర్థము. దేవుని మాటకు వణకుడని ఫాక్సు చెప్పగా 1650లో డర్బీ పట్టణపు న్యాయాధిపతి యొకడు ఎగతాళికి పెట్టిన పేరు అది. ఎగతాళి పేరే చివరకు నిలిచిపోయెను.

ప్రతి మనుష్యునిలో దేవుని వెలుగున్నదని నమ్మినవారు మనుష్యులను ఎక్కువ తక్కువలుగా ఎంచలేరు. ఆ దినములలో ఇంగ్లీషు భాషలోను, మన భాషలో వలెనే, పెద్దవారికి ఒక మాట, చిన్నవారికి ఒక మాట ఉండెను. క్వేకరులు దొరను, కూలివానిని ఒకే మాటతో పిలిచిరి. మన మాటలో చెప్పవలెనన్న ఇద్దరినీ "నీవు" అనిరి. ప్రభువులయెదుట టోపీ తీయలేదు. అవునంటే అవును, కాదంటే కాదు అను ప్రభువు ఆజ్ఞనుబట్టి న్యాయస్థానములో ఒట్టు పెట్టుకొనలేదు. అంగడిలో బేరము లేక అందరికి ఒకే వెల చెప్పిరి. చిన్నబిడ్డను పంపినను మోసము జరుగదని జనులు వారి అంగళ్లకు పోజొచ్చిరి.

దీనికి వారు గొప్ప వెల చెల్లించిరి. 1662లో వారికి విరోధముగా చట్టము పుట్టెను. వేలమంది చెరసాలల పాలైరి. వందలమంది అక్కడనే మరణించిరి. 1682లో బ్రిస్టలు పట్టణమున పెద్దలందరు చెరలో నుండగా పిల్లలే కూడుకొని ఆరాధన జరిపిరి. అమెరికాలోని బోస్టనులో 1659 మొదలు 1661 వరకు నలుగురు క్వేకరులను ఉరితీసిరి. వారిలో మేరీ డైయరు అను తల్లి యొకతె. వారిని ఉరితీసినవారును బైబిలు పట్టుకొనిన క్రైస్తవులే అనుట మనము మరువరాదు.

మేము వారితో అన్ని విషయములలో ఏకీభవింపము. వారు నీటి బాప్తిస్మమును, ప్రభురాత్రి భోజన సంస్కారమును బాహ్యముగా ఆచరింపరు. మనమైతే అవి ప్రభువు ఆజ్ఞయని నమ్మి ఆచరించుచున్నాము. అయినను పొరుగు పొలమువాడు దున్నిన చాలునుండి మనము నేర్చుకొనరాదని ఏ లేఖనమును చెప్పలేదు.

ఓట్లు లేని కూటము

క్వేకరుల పూర్వాచారము ప్రకారము వారు ఆరాధనలో మౌనముగా కూర్చుందురు. ఆత్మ ప్రేరేపించినవారు, పురుషుడైనను స్త్రీయైనను, లేచి మాటలాడుదురు. సంఘ కార్యములును ఇట్లే. చేతులెత్తి లెక్కపెట్టుట లేదు. కార్యదర్శి అందరు చెప్పునది విని, కూటము యొక్క మనస్సు ఇది అని తోచినప్పుడు అక్కడనే ఒక తీర్మానము వ్రాసి చదువును. అందరు సమ్మతించిన అది నిలుచును. బరువైన ఆక్షేపణ యున్నయెడల మరల మౌనము, మరల ప్రార్థన; అప్పటికిని తేలనిచో తరువాతి కూటమునకు వాయిదా.

మన సంఘములలో పెద్దల ఎన్నికలవేళ జరుగు సంగతులు తలంచుకొనుడి. ఇటు పదునేడు, అటు పదునారు. గెలిచినవారు టపాకాయలు కాల్తురు, ఓడినవారు ఆరు నెలలు గుడికి రారు. అట్టి మనకు క్వేకరుల పద్ధతి పరలోకమువలె కనబడును. ఒక్క ఓటుతో సహోదరుని ఓడించుటకంటె ఒక సంవత్సరము కనిపెట్టి అతని హృదయమును గెలుచుకొనుట మేలు గాదా? మేలే. కాని ఈ మంచి పద్ధతిలోనే ఒక ఉరి దాగియుండెను. అందరు ఒప్పుకొనువరకు ఏమియు జరుగదన్నచో, ఏమియు జరుగరాదని కోరువానికి నోరు మెదపకుండ కూర్చుండుటయే చాలును.

ఎనుబది యెనిమిది ఏండ్లు

1671లో ఫాక్సు బార్బడోసు దీవికి వెళ్లెను. అక్కడ ఆఫ్రికానుండి తేబడిన బానిసలు చెరకు తోటలలో చాకిరి చేయుచుండిరి. క్వేకరులలోను బానిసలను ఉంచుకొన్నవారు కలరు. వారిని దయతో చూడుడి, కొన్ని ఏండ్ల తరువాత విడిచిపెట్టుడి అని ఫాక్సు బోధించెను. కాని బానిసత్వమే పాపమని చెప్పలేదు. రాజునకు టోపీ తీయని మనుష్యుడు అక్కడ సగము మాటతో ఆగిపోయెను.

1681లో విలియం పెన్ అను క్వేకరు రాజునొద్ద పట్టా పొంది అమెరికాలో పెన్సిల్వేనియాను స్థాపించెను. అక్కడ ఏ మతస్థునికైనను హింస లేదు. కాని ఆ స్వేచ్ఛాభూమికి కూడ బానిసల ఓడలు వచ్చెను. చెర అనుభవించి వచ్చిన క్వేకరులు మనుష్యులను వెలయిచ్చి కొనిరి. పెన్ తానును బానిసలను ఉంచుకొనెను.

1688 ఏప్రిలులో జర్మన్ టౌను అను చిన్న ఊరిలో నలుగురు మనుష్యులు ఒక కాగితము వ్రాసి చేవ్రాలు చేసిరి. వారు ఐరోపానుండి క్రొత్తగా వలస వచ్చినవారు. ఇంగ్లీషు వారి తల్లిభాష కాదు. పాస్టోరియస్ అను పండితుడు వారిలో ఒకడు. వారు చూపిన ఆధారము మత్తయి 7:12. ఇతరులు మనకు ఏమి చేయవలెనని కోరుదుమో దానినే వారికి చేయవలెను గదా. రంగునుబట్టి ఈ ఆజ్ఞకు మినహాయింపు ఎక్కడ ఉన్నది అని అడిగిరి.

ఆ కాగితము నెలవారీ కూటమునకు పోయెను. ఇది మిక్కిలి బరువైన సంగతి, మేము తేల్చజాలమని వారు త్రైమాసిక కూటమునకు పంపిరి. వారును అట్లే చెప్పి బర్లింగ్టనులో కూడిన వార్షిక కూటమునకు పంపిరి. వార్షిక కూటమువారు దానిని ప్రక్కన పెట్టిరి. అది పాత కాగితములలో మరుగుపడి 1844లో గాని మరల వెలుగులోనికి రాలేదు. సహోదరులారా, దీనిని జాగ్రత్తగా గమనించుడి. ఏ కూటమును ఆ నలుగురి మాట అబద్ధమని నిర్ణయింపలేదు. ఎవరును వారిని కొట్టలేదు, తిట్టలేదు. అంతయు మర్యాదగా, ప్రార్థనతో, సమాధానముగా జరిగెను. బానిసలు బానిసలుగనే యుండిరి.

యాబది ఏండ్లు గడచెను. బెంజమిన్ లే అనునతడు బార్బడోసులో బానిసల బాధలను కన్నులార చూచినవాడు. పొట్టివాడు, గూనివాడు. 1738లో అతడు బర్లింగ్టను వార్షిక కూటమునకు పైన కోటు, లోపల సైనికుని దుస్తులు ధరించి, లోపలి భాగము తొలిచిన ఒక పుస్తకములో ఎర్రని పండ్లరసముగల తిత్తిని దాచి తెచ్చెను. పొరుగువానిని బానిసగా ఉంచుకొనుట అతని గుండెలో కత్తి పొడుచుటతో సమానమని చెప్పి, కత్తితో ఆ పుస్తకమును పొడిచెను. రక్తమువంటి రసము ప్రక్కనున్న వారిమీద చిందెను. అతనిని ఎత్తుకొని బయటికి తీసికొనిపోయిరి. అతడు తమవాడు కాడని సంఘము ప్రకటించెను. అతనివలన ఆనాడు సమాధానము చెడెను. బానిసత్వము వలన మాత్రము చెడలేదట!

మరి ఇరువది ఏండ్లకు, 1758లో, ఫిలడెల్ఫియా వార్షిక కూటములో ఈ ప్రశ్న మరల లేచెను. కొందరు మంచివారు ఇట్లనిరి: వేచియుందము, దేవుడే తగిన కాలమున త్రోవ తెరచును. అప్పుడు జాన్ వుల్ మన్ అను దర్జీ లేచెను. బానిసల మొర దేవుని చెవిని పడినదనియు, కొందరి లాభమునో స్నేహమునో చూచి మనము జాగుచేసినయెడల దేవుడు భయంకరముగా ఉత్తరమిచ్చుననియు ఆయన మెల్లగా చెప్పెను. ఆ దినమున కూటము కదలెను. బానిసలను కొనువారిని, అమ్మువారిని సంఘ కార్యములనుండి తొలగింపవలెననియు, బానిసలుగలవారి ఇండ్లకు వెళ్లి మాటలాడుటకు వుల్ మన్ తో కూడ కొందరిని పంపవలెననియు తీర్మానించిరి. ఈ వార్త వృద్ధుడైన బెంజమిన్ లే చెవిని పడెను. మరుసటి ఏట అతడు నెమ్మదితో కన్నుమూసెను. 1776లో చివరి అడుగు పడెను: బానిసలను విడిచిపెట్టనివాడు ఇక సంఘములో ఉండరాదు.

1688 మొదలు 1776 వరకు 88 ఏండ్లు. ఆ మొదటి కాగితము వ్రాసిన ఏట ఒక బానిస తల్లికి పుట్టిన బిడ్డ ఆ సంఘము యొక్క ఓర్పులోనే పెరిగి, ముసలియై, మట్టిలో కలిసిపోవుటకు చాలిన కాలము.

రెండు ప్రక్కలను తూచవలెను

న్యాయము తప్పకుండ రెండవ ప్రక్కను కూడ చెప్పవలెను. ఆ ఓర్పు కేవలము వ్యర్థము కాలేదు. 1776 తరువాత క్వేకరులు ఒక తుపాకి గుండు పేలకుండ తమ బానిసలను విడిచిపెట్టిరి. కొందరు వెనుకటి చాకిరికి కూలి కూడ లెక్కగట్టి ఇచ్చిరి. అమెరికా దేశమంతట బానిసత్వము రద్దగుటకు మరి 89 ఏండ్లు పట్టెను; ఆరు లక్షలకు పైగా ప్రాణములు అంతర్యుద్ధములో పోయిన పిమ్మట 1865లో గాని అది ముగియలేదు. ఇంగ్లండులో బానిస వ్యాపారమును ఆపుటకు 1787లో కూడిన పండ్రెండుగురి కమిటీలో తొమ్మండుగురు క్వేకరులే. హృదయములు మారువరకు కనిపెట్టిన సంఘము, మారిన తరువాత వెనుకకు తిరుగలేదు.

కనుక ఒప్పించుట మంచిదా, బలవంతము మంచిదా అని అడిగిన, ఒప్పించుటయే మంచిదని మేమును చెప్పుదుము. అయినను మా మనస్సులో ఒక ముల్లు మిగిలిపోయెను. ఆ ముల్లును మాకు చూపినది క్వేకరుల చరిత్ర కాదు; మా సంఘములోని ఒక విధవరాలు.

"ఆ అందర్లో నేను లేనా?"

మా గ్రామములో విశ్వాసులు రెండు పల్లెలవారు: మాలపల్లెవారును, మాదిగపల్లెవారును. ఊరివారు మన ఉభయులను ఒకే దూరమున నిలిపిరి. అయినను మనము మనలో మరియొక దూరము కొలుచుకొంటిమి. మేము ఆ సంఘమునకు కాపరిగా వచ్చునప్పటికి ప్రభురాత్రి భోజనమునకు ఒకే రొట్టె. కోతపండుగ ప్రేమవిందుకు మాత్రము రెండు బంతులు. కానుకగా తెచ్చిన ధాన్యమంతయు బలిపీఠము ముందర ఒకే కుప్పగా పోయుదురు. ఆ ధాన్యముతో వండిన అన్నము తినునప్పుడు విస్తళ్లు వేరు వేరు వరుసలు.

ఈ మాటను మేము పెద్దల కూటములో ఎత్తితిమి. వారు ఏమనిరో మొదటనే వ్రాసితిమి. మేము ఊరకుంటిమి. ఏటేట ప్రార్థించితిమి, ఏటేట ఊరకుంటిమి. ఎనిమిది కోతపండుగలు గడచెను.

రెండవ బంతిలో కూర్చుండు ఒక ముసలి విధవరాలు ప్రతి ఏట తాను పరిగె ఏరుకొన్న గింజలను చేటలో తెచ్చి కుప్పలో పోయుచుండెను. ఒక పండుగనాడు ఆమె మా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, నేను కళ్లు మూసేలోగా అందరితో కలిసి ఒక్క బంతిలో తింటానా?" అని అడిగెను. మేము, "కొంచెం ఓర్చుకో అవ్వా, అందరూ ఒప్పుకోవాలి గదా" అంటిమి. ఆమె కొంతసేపు మా మొగము చూచి, "ఆ అందర్లో నేను లేనా అయ్యగారూ?" అని చేట పట్టుకొని వెళ్లిపోయెను.

ఆమె మరుసటి కోతపండుగకు లేదు.

వేదపాఠశాలలో మేము చదివిన ఏ గ్రంథమును మమ్మును ఈ ప్రశ్నవలె గద్దింపలేదు. "అందరు" అనునప్పుడు మేము ఎవరిని లెక్కపెట్టితిమి? ఒప్పుకొనుటకు ఇష్టము లేనివారిని లెక్కపెట్టితిమి. బాధపడువారిని లెక్కలోనుండి విడిచితిమి. బర్లింగ్టనులో జరిగినదియు ఇదే. అందరి సమ్మతి కొరకు వేచిన ఆ గదిలో బానిస ఒక్కడును కూర్చుండలేదు. కూర్చుండి యుండినయెడల 1688లోనే కూటములో ఏకమనస్సు లేదని కార్యదర్శికి తెలిసి యుండును. సమాధానము చెడునని వారు భయపడిరి. చెడుటకు అక్కడ సమాధానము ఎప్పుడుండెను?

యెరూషలేము సంఘము చేసినది చూడుడి. దినదిన భోజన పరిచర్యలో గ్రీసు భాష మాటలాడు విధవరాండ్రకు అన్యాయము జరుగుచున్నదని సణుగు పుట్టగా, అపొస్తలులు "ఓర్చుకొనుడి" అని చెప్పి పంపివేయలేదు. శిష్యులనందరిని పిలిచి, ఏడుగురిని ఏర్పరచి, పని అప్పగించిరి. అంతియొకయలో పేతురు అన్యజనులతో భోజనము మానుకొనినప్పుడు, పౌలు అందరియెదుట అతనిని గద్దించెను. ఆ రెండు సంగతులును భోజనపు బంతిని గూర్చినవే యని మేము ఆలస్యముగా గ్రహించితిమి.

దర్జీ నేర్పిన మూడు పాఠములు

అట్లయిన నీతిగల ఓర్పు ఎట్లుండును? జాన్ వుల్ మన్ బ్రదుకులో మాకు మూడు గురుతులు కనబడుచున్నవి.

మొదటిది, నీతిగలవాడు తన ఓర్పుకు తానే వెల చెల్లించును. వుల్ మన్ ఇరువది రెండు మూడేండ్ల యువకుడుగా ఒక అంగడిలో పనిచేయుచుండగా, యజమానుడు ఒక నల్లజాతి స్త్రీని అమ్ముటకు పత్రము వ్రాయుమనెను. కొనువాడును క్వేకరు వృద్ధుడే. వుల్ మన్ మనస్సు కలవరపడినను వ్రాసెను. ఇది క్రైస్తవ మతమునకు తగదని మాత్రము వారియెదుట చెప్పెను. ఆ బలహీనతను ఆయన మరువలేదు. అటుపిమ్మట అట్టి పత్రము ఎన్నడును వ్రాయలేదు. రావలసిన రుసుమును పోగొట్టుకొనెను. పెరుగుచున్న వ్యాపారమును తగ్గించుకొని కుట్టుపనితోను తోటపనితోను జీవించెను. బానిసల చెమటతో వచ్చిన చెక్కెరను మానుకొనెను. దక్షిణ సీమలలో బానిసలుగల ఇంట బసచేసినయెడల, ఆ ఇంటి బానిసలు చేసిన సేవకు డబ్బు ఇచ్చి మరి వెళ్లెను.

రెండవది, నీతిగలవాడు వేచియుండునప్పుడు పని ఆపడు. ఒక వృద్ధుడు తన బానిసలను బిడ్డలకు వీలునామా వ్రాయుమని అడుగగా వుల్ మన్ ప్రేమతో నిరాకరించెను. కొన్ని ఏండ్లకు ఆ వృద్ధుడు మరల వచ్చెను. మరల అదే జవాబు. కొలది దినములకు అతడు మూడవమారు వచ్చి, వారిని విడుదల చేయునట్లు వ్రాయుమనెను. వుల్ మన్ వ్రాసెను. ఇది ఓర్పు. ఆయన ఆ వృద్ధుని విడువలేదు, సత్యమునూ విడువలేదు. 1754లో పుస్తకము ప్రకటించెను, ఇంటింటికి తిరిగెను, 1772లో ఇంగ్లండుకు వెళ్లి, గుఱ్ఱములను బండి కుఱ్ఱవాండ్రను హింసించు బండ్లెక్కక కాలినడకను తిరిగి, యార్కు పట్టణమున మశూచికముతో మరణించెను. చివరి తీర్మానమును చూడలేదు. అది నాలుగేండ్ల తరువాత వచ్చెను.

మూడవది, నీతిగలవాడు గదిలో లేనివానిని గదిలోనికి తెచ్చును. 1758లో వుల్ మన్ కూటము యొక్క క్షేమమును గూర్చి మాత్రమే మాటలాడలేదు; బయటనున్న బానిసల మొరను లోపల వినబడునట్లు చేసెను. క్వేకరుల మౌనము దేవుని స్వరము వినుటకు ఏర్పడినది. పొరుగువాని స్వరము వినకుండుటకు దానిని వాడుకొన్నప్పుడు అది చెవులు మూసికొనుట యగును. ఈ రెండు మౌనములును బయటికి ఒకే తీరున కనబడును. ప్రభువు మాత్రము భేదమెరుగును.

ఒక బల్ల సంగతి

బానిసలను విడిచిన తరువాతనైన పని ముగిసెనా? ముగియలేదు. 1830 ప్రాంతమున ఫిలడెల్ఫియాలోని ఆర్చి వీధి క్వేకరు మందిరములో నల్లవారికి వేరుగా ఒక బల్ల ఉండెను. గ్రేస్ డగ్లస్ అను భక్తురాలును, ఉపాధ్యాయినియైన ఆమె కుమార్తె సారాయును ఆ బల్లమీదనే కూర్చుండిరి. యాకోబు తన పత్రికలో, దరిద్రుని పాదపీఠమునొద్ద కూర్చుండుమను సంఘమును గద్దించెను గదా. బానిసత్వము పాపమని లోకమునకు చాటిన సంఘములోనే యాకోబు గద్దింపు నెరవేరవలసి వచ్చెను.

అప్పుడు సారా గ్రిమ్కీ, ఏంజెలినా గ్రిమ్కీ అను తెల్లజాతి అక్కచెల్లెండ్రు – బానిసలుగల ధనవంతుని బిడ్డలైయుండి ఆ పాపమును విడిచి వచ్చినవారు – లేచి వెళ్లి ఆ బల్లమీద ఆ తల్లీకూతుళ్ల ప్రక్కన కూర్చుండిరి. తీర్మానము కొరకు కనిపెట్టలేదు. ఎవరిని దూషింపలేదు. కూర్చుండిరి, అంతే.

ఇది చదివిన ఏట కోతపండుగకు మేమును మా ఇంటివారును మొదటి బంతిలో మాకు వేసిన విస్తళ్లను చేతబట్టుకొని వెళ్లి రెండవ బంతిలో కూర్చుంటిమి. ఆ విధవరాలు కూర్చుండు చోటు గోడ ప్రక్కన ఖాళీగా నుండెను. కొంతసేపు ఎవరును వడ్డింపలేదు. తరువాత ఒక యౌవనుడు అన్నపు గంప తెచ్చెను. అతని వెనుక మరి ముగ్గురు వచ్చి కూర్చుండిరి. అంతయు చక్కబడెనని వ్రాయజాలము. రెండు కుటుంబములవారు మూడు నెలలు గుడికి రాలేదు. మేము వారి ఇండ్లకు పోవుచునే యుంటిమి. ఒక కుటుంబము తిరిగి వచ్చెను. రెండవది ఇంకను రాలేదు. వారి గుమ్మము మేము మానలేదు. నేడు మా కోతపండుగకు ఒకే బంతి. కాని అది ఎనిమిదేండ్లు ఆలస్యముగా వచ్చినది. ఆ ఆలస్యమునకు మేము దేవునియెదుట లెక్క చెప్పవలసియున్నది. ఆ లెక్క చెల్లించినది మేము కాము. చేటతో వెళ్లిపోయిన ఆ అవ్వ.

నేటి క్వేకరులు

నేడు లోకమందు క్వేకరులు సుమారు నాలుగు లక్షలమంది మాత్రమే. వారును 1827లో అమెరికాలో చీలికకు లోనైరి. ఏకమనస్సును వెదకువారికి కూడ చీలిక తప్పలేదు. ఇప్పుడు వారిలో అత్యధికులు ఇంగ్లండులో కాదు, ఆఫ్రికాలోని కెన్యాలో ఉన్నారు. 1902లో ముగ్గురు అమెరికను సేవకులు కైమోసి అను చోట ప్రారంభించిన పని అది. అక్కడివారు మనవలెనే కాపరులతో, పాటలతో ఆరాధింతురు. మన దేశమునకు 1866లో రేచల్ మెట్కాఫ్ అను క్వేకరు స్త్రీ వచ్చెను. తరువాత మధ్యప్రదేశములోని హోషంగాబాదు, అనగా నేటి నర్మదాపురము, వారి సేవకు నిలయమాయెను. యుద్ధములలో శత్రువు, మిత్రుడు అను భేదము లేక ఆకలిగొన్నవారికి అన్నము పెట్టినందుకు 1947లో వారి రెండు సేవా సంఘములకు నోబెల్ శాంతి బహుమానము లభించెను. ఒకనాడు బల్లలు వేరుచేసినవారి పిల్లలకు దేవుడు ఈ కృప చూపెను. మనకును చూపగలడు.

గృహ ప్రార్థన కూటములలో తలపోయుటకు

1. మన సంఘములో "ఇప్పుడే వద్దు" అని వాయిదా వేసిన న్యాయమైన సంగతి ఏది? ఎన్ని ఏండ్లాయెను?

2. ఆ ఆలస్యము వలన నష్టపడుచున్నవారు ఎవరు? వారికి మన కూటములో కూర్చుండు చోటు, మాటలాడు వంతు ఉన్నవా?

3. తీర్మానము వచ్చువరకు మనము ఒక్కరముగా చేయగల పని, మన చేతినుండి వెల చెల్లింపవలసిన పని, ఏది?

ప్రార్థన

ఓర్పుగల తండ్రీ, నీవు మా పాపములను ఓర్చుకొనినది నీ కుమారుని రక్తపు వెలతో గాని మరియొకరి వెలతో కాదు. మేమైతే పొరుగువాని కన్నీటి ఖర్చుతో ఓర్పుగలవారమని పేరు తెచ్చుకొంటిమి. మమ్మును క్షమించుము. మా "అందరిలో" మేము విడిచిపెట్టినవారి పేర్లు మాకు జ్ఞాపకము చేయుము. మాటలాడు సమయమున నోటిని, ఊరకుండు సమయమున చెవిని మాకు దయచేయుము. నీ రాజ్యపు బంతిలో మాకు ముందుగా కూర్చున్న ఆ అవ్వ ప్రక్కన మాకును చోటు దయచేయుమని యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.